వాసన పట్టివ్వని వ్యసనం

పర్లాకిమిడి తెలుగు కుటుంబాల పెద్దలకు, తల్లులకు, విద్యార్థులకు నమస్కారం.

పొగాకు మన ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో, వెలిగించిన చుట్ట కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగిన నాయనమ్మలు మన బంధువర్గంలోనే ఉన్నారు. ఆ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు దశాబ్దాల కిందటే తేల్చారు. పొగాకు ముద్ద అయిన గుడాఖుతో పళ్లు తోముకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 2016-17 నాటి వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలోని పెద్దల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుండగా, మన ఒడిశాలో ఆ వాటా 45.6 శాతం. ఇంత పొగాకు మధ్య పెరిగిన కుర్రవాడికి విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో హాస్టల్లో చేరాక, మామిడి, పుదీనా రుచులతో, పెన్‌డ్రైవ్ అంత ఈ-సిగరెట్ పరికరం చేతికి వస్తే, అందులో ఉన్నది తాను ఇంట్లో చూసిన పొగాకు సారమేనని అతనికి తోచదు. సెలవులకు ఇంటికి తెచ్చినా మనకు తెలియదు. చుట్టో బీడీయో తాగినవాడిని బట్టల వాసనే పట్టిచ్చేది. ఈ-సిగరెట్‌కు ఆ వాసన లేదు. నా ఆందోళన ముఖ్యంగా అందుకే.

ఈ-సిగరెట్ నుంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరేనని పిల్లలు నమ్ముతున్నారు. నిజానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే ద్రవాల్లో పొగాకు సారమైన నికోటిన్‌నూ రుచులనూ కలిపి, బ్యాటరీతో వేడెక్కే తీగ మీద ఆవిరి చేస్తారు. ఆ వేడికి ద్రవం విడిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ వంటి హానికర పదార్థాలు పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం కూడా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. పూర్వపు ద్రవాల్లో నికోటిన్ ఎక్కువైతే గొంతు మండేది, ఆ మంటే కొత్తవాళ్లను ఆపేది. నికోటిన్‌కు ఆమ్లం కలిపి లవణంగా మార్చిన తరువాత ఆ మంట తగ్గిపోయి, ఎన్నడూ సిగరెట్ ముట్టని పదిహేనేళ్ల పిల్ల కూడా దగ్గకుండా పీల్చగలుగుతోంది. అయిదు శాతం నికోటిన్ ఉన్న ద్రవం నింపిన చిన్న డబ్బీ (పాడ్) ఒక్కటి దాదాపు ఒక సిగరెట్ పెట్టెతో సమానం. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల వరకు సాగుతుంది. ఏకాగ్రతను, నేర్చుకునే శక్తిని, మనసును అదుపులో ఉంచుకునే నేర్పును ఏర్పరచే ఆ వయసులోనే నికోటిన్ తిష్ఠ వేస్తే, వ్యసనం పెద్దవాళ్లకన్నా త్వరగా పాతుకుపోతుంది.

సిగరెట్ మానలేని పెద్దలకు బ్రిటన్‌లో దీనినే సూచిస్తారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, మండే పొగాకును వదిలే పెద్దవాడికి అది కొంత మేలు కావచ్చు. మానవలసిన సిగరెట్టే లేని పిల్లవాడికి ఆ వాదన ఎలా వర్తిస్తుంది?

మన దేశంలో 2019 చట్టం వీటి తయారీని, అమ్మకాన్ని, ప్రకటనను నిషేధించింది. మొదటిసారి దొరికిన అమ్మకందారుకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంటే ఇప్పుడు చేతులు మారుతున్న ప్రతి పరికరమూ దొంగసరుకే, అందులో ఏముందో పరీక్షించే నాథుడు లేడు. అమెరికాలో ఈ-సిగరెట్లు పీల్చినవారిలో 2019లో మొదలైన తీవ్ర ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు నమోదై 68 మంది చనిపోయారు. వాటిలో చాలావాటికి మూలం, గంజాయి సారం ఉన్న దొంగసరుకు ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అని తేలింది. లోపల ఏముందో తెలియని ద్రవాన్ని పీల్చడంలోని ప్రమాదం ఇంతటిది.

తల్లిదండ్రులకు నాదొక విన్నపం. పిల్లవాడి సంచిలో పరికరం దొరికిన రోజున కొట్టకండి, చదువు మాన్పిస్తామని బెదిరించకండి. మానిన తొలి రోజుల్లో చిరాకు, తలనొప్పి, నిద్రలేమి, చదువు మీద మనసు నిలవకపోవడం సహజం. ఆ చిరాకును పొగరుగా భావించి తిడితే వాడు మళ్లీ హాస్టల్ స్నేహితుడి దగ్గరికే వెళ్తాడు. జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రానికి 1800-11-2356 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మొదటిసారి ఫోన్ చేసేటప్పుడు పిల్లవాడి పక్కనే కూర్చోండి.