మిషన్ ఇచ్చి వెళ్లిపోతే చాలదు

(పోలీసు ఫోరెన్సిక్ ల్యాబులకు విదేశీ సాయం అనే అంశంపై తిరుపతిలో సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక మూట గురించి చెప్తాను. నేను ల్యాబులో పనిచేసే రోజుల్లో ఒక పల్లె స్టేషన్ నుంచి వచ్చింది. తెల్లగుడ్డ, నాలుగు పక్కలా లక్క సీళ్లు, పైన రైటర్ గుండ్రటి అక్షరాల్లో రాసిన క్రైమ్ నంబరు. పైకి అంతా పద్ధతిగానే ఉంది. విప్పితే లోపల ప్లాస్టిక్ కవరు, అందులో ఒక ఆడబిడ్డ లంగా. తడి ఆరకముందే కవర్లో కుక్కి మూతి కట్టేశారు. మూడు వారాల తర్వాత మా బల్ల మీదికి వచ్చేసరికి బూజు పట్టి, నల్లమచ్చలు పడి, కంపు కొడుతోంది. డీఎన్ఏ రాలేదు. రిపోర్టులో ‘పరీక్షకు తగిన స్థితిలో లేదు’ అని రాసి సంతకం పెట్టాను. పక్క గదిలో లక్షల రూపాయల మిషన్ ఏ లోపమూ లేకుండా నడుస్తోంది. ఆ లంగాను నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి పంపి ఉంటే చాలు.

పేద దేశాల పోలీసులకు ఫోరెన్సిక్ ల్యాబులు కట్టుకోవడానికి డబ్బున్న దేశాలు చేసే సాయం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే నాకు ఈ మూటే కళ్లముందుకొచ్చింది.

ఈ సాయం అసలెందుకో ముందు చూద్దాం. ల్యాబు అందుబాటులో లేని ఎస్ఐకి కేసు తేల్చడానికి మిగిలేది ఒకటే దారి. ఎవణ్ణో ఒకణ్ణి పట్టుకొచ్చి వాడి నోటితోనే ఒప్పించడం. పోలీసుల ముందు ఒప్పుకుంటే అది కోర్టులో చెల్లదని మన చట్టం 1872 నుంచీ చెప్తోంది. అయినా దెబ్బలు ఆగలేదు. ఆ దెబ్బలు తినేది ఎప్పుడూ ఊళ్లో పలుకుబడి లేనివాడు, వకీలును పెట్టుకోలేనివాడు. ఒక రక్తపు మరక, ఒక వేలిముద్ర నిజం చెప్పగలిగితే ముందు బతికి బయటపడేది వాడే. నేను ముప్పై ఏళ్లు ఈ పని చేసింది అందుకే.

పోలీసు సాయం అన్న మాటకు పాత మచ్చ ఒకటి ఉంది, అదీ మీకు తెలియాలి. కోల్డ్ వార్ రోజుల్లో అమెరికా చాలా దేశాల పోలీసులకు ట్రైనింగూ సామగ్రీ ఇచ్చింది. అలా తయారైనవాళ్లలో కొందరు సొంత జనాన్నే చిత్రహింసలు పెట్టారని పెద్ద గొడవైంది. 1974లో అమెరికా కాంగ్రెస్ ఆ సాయం మీద నిషేధం పెట్టింది. మళ్లీ 1986లో వాళ్ల న్యాయశాఖ కింద నేర పరిశోధనలో శిక్షణ ఇచ్చే ప్రోగ్రాం ఒకటి మొదలైంది. అందుకే సాయం అనగానే చేతులు చాచకూడదు. ఏం ఇస్తున్నారు, ఎవరి చేతికిస్తున్నారు, అది చివరికి ఎవరి వీపు మీద పడుతుంది అని అడగాలి.

మంచి సాయం ఎలా ఉంటుందో చెప్పమంటే నేను అర్జెంటీనా పేరు చెప్తాను. సైనిక ప్రభుత్వం వేలమందిని మాయం చేసింది. అది పడిపోయాక, 1984లో క్లైడ్ స్నో అనే అమెరికన్ ఎముకల నిపుణుడు అక్కడికి వెళ్లాడు. సమాధులు తవ్వాలి, ఎముకల్ని గుర్తుపట్టాలి. పేరున్నవాళ్లు ముందుకు రావడానికి జంకారు. వచ్చింది విద్యార్థులు, మీ వయసు పిల్లలే. ఆయన వాళ్ల పక్కన గుంటలో కూర్చుని, బ్రష్‌తో మట్టి ఎలా దులపాలో, పుర్రె మీద తూటా రంధ్రాన్ని ఎలా చదవాలో నేర్పాడు. ఆయన తిరిగి వెళ్లాక కూడా ఆ జట్టు నిలబడింది. తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లి పనిచేసింది. బొలీవియాలో చే గువేరా అవశేషాలను 1997లో గుర్తించిన పనిలోనూ వాళ్లున్నారు. అక్కడ మిగిలిన ఆస్తి మనుషులే.

ఇంకోటి మన పక్కనే, ఢాకాలో. ఆడవాళ్ల మీద హింసను ఎదుర్కొనే ప్రోగ్రాంలో భాగంగా డెన్మార్క్ సాయంతో 2006లో ఢాకా మెడికల్ కాలేజీలో డీఎన్ఏ ల్యాబు వచ్చింది. 2013 ఏప్రిల్‌లో రాణా ప్లాజా అనే భవనం కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడపిల్లలు. ఎవరూ గుర్తుపట్టలేని శవాలను నంబర్లు వేసి జురైన్ శ్మశానంలో పాతిపెట్టారు. ఆ తల్లుల దగ్గర రక్తం తీసుకుని, ఏ నంబరు ఎవరి బిడ్డో తేల్చే పని ఆ ల్యాబు మీద పడింది. డీఎన్ఏలను పోల్చి చూడటానికి అమెరికా ఎఫ్‌బీఐ నుంచి కోడిస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏడేళ్ల ముందు ఇంకో పని కోసం పెట్టిన ల్యాబు లేకపోతే ఆ శాంపిళ్లన్నీ పరాయి దేశానికి పోవాల్సి వచ్చేది. మన ఊరికీ ఆ ఎదురుచూపు తెలుసు. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి శాంపిళ్లు ఇక్కణ్ణుంచి గుజరాత్‌లోని ఆనంద్ దాకా పోయాయి. ఆ గొడవలోకి నేను వెళ్లను. రిపోర్టు దూరం నుంచి రావాల్సి ఉంటే మధ్యలో ఎంత టెన్షన్ పడతామో మీకు తెలుసు, అంతే.

ఇక అసలు కష్టం. డీఎన్ఏ మిషన్ వచ్చిన రోజు రిబ్బన్ కట్ చేస్తారు, ఫొటో దిగుతారు. దానికి కావాల్సిన కిట్లు ఫ్రీజర్లో ఉండాలి. మిషన్ లోపల డీఎన్ఏ ముక్కల్ని విడదీసే పాలిమర్ అనే జెల్‌కూ, అది నింపే వెంట్రుకంత సన్నటి గొట్టాలకూ (కెపిలరీలు) ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. చాలావరకు దిగుమతే, అంటే డాలర్లలో బిల్లు. ఏసీ ఆగకూడదు, యూపీఎస్ చచ్చిపోకూడదు, మిషన్ మరమ్మతుల కాంట్రాక్టు (ఏఎంసీ) డబ్బు ప్రతి ఏడాదీ కట్టాలి. గోదానం చేశారు సరే, మేత ఎవరు వేయాలో కాగితం మీద రాసుకోలేదు. సాయం ఇచ్చే దేశం మూడేళ్లకో అయిదేళ్లకో ప్రాజెక్టు అయిపోయిందని వెళ్లిపోతుంది. ఒక్కోసారి అంతవరకూ కూడా ఉండదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్క సంతకంతో ఆపేసింది. అందుకే నా లెక్కలో మొదటి షరతు ఇది: మిషన్ దిగే రోజుకే కిట్ల ఖర్చూ, ఇద్దరు అనలిస్టుల జీతమూ ఆ దేశం సొంత బడ్జెట్లో కనిపించాలి. రెండోది, వంద రూపాయల్లో కొంతైనా స్టేషన్ దాకా చేరాలి. కాగితం కవర్లకు, దూదిపుల్లలకు, శాంపిల్ తెచ్చే కానిస్టేబుల్ బస్సు ఛార్జీకి.

మనకేం సంబంధం అంటారేమో. శేషాచలం ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో ఉంది. ఇక్కడ నరికిన దుంగ ఏదో రేవులో ఇంకో కలప పేరుతో దిగుతుంది. అక్కడి కస్టమ్స్ అధికారి దాన్ని చేత్తో తట్టి చూసి చెప్పలేడు. పలచని పొర కోసి మైక్రోస్కోప్ కింద చూసే మనిషి కావాలి. అనుమానం తీరకపోతే ల్యాబులో రసాయన పరీక్ష చేయాలి. ఆ దేశపు ల్యాబు గట్టిపడితేనే మన కొండకు కాపలా దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి నేర నియంత్రణ విభాగం కలపను గుర్తించే పద్ధతుల మీద 2016లో ఒక గైడ్ కూడా తెచ్చింది. బోటనీ చదివేవాళ్లు అది చదవండి.

ఇప్పుడు మనం పుచ్చుకునే చోటే లేం. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2023లో ఉగాండాలోని జింజాలో క్యాంపస్ తెరిచింది. అక్కడికెళ్లి పాఠం చెప్పేది మీలాంటివాళ్లే. మన ఇంట్లో పనీ తక్కువ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్లి తీరాలి. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. అంతమంది ఎక్కణ్ణుంచి వస్తారు? చిత్తూరు, పుంగనూరు, కుప్పం వైపు ఒక ఘటన జరిగితే క్లూస్ టీం వెళ్లేలోపు ఊరంతా తొక్కేసి ఉంటుంది. మొదట చేరే కానిస్టేబుల్‌కు తాడు కట్టి జనాన్ని ఆపడం, తడిబట్టను ఆరబెట్టడం నేర్పగలిగితే మనం ఉగాండాకూ అదే నేర్పగలం.

నా మాటలు అయిపోయాయి. ఈ బల్ల మీద కాగితం కవర్లు, లక్క, కొవ్వొత్తి, పాత గుడ్డ ముక్కలు పెట్టాను. వరసగా రండి. ఒక్కొక్కరూ ఒక గుడ్డను ఆరిందో లేదో చూసి, కవర్లో పెట్టి, తేదీ, టైమూ, మీ పేరూ రాసి సీలు వెయ్యండి. ఎవరైనా తడిగుడ్డకు సీలు వేస్తే నేను విప్పించి మళ్లీ వేయిస్తాను.