దాచి పెట్టుకునే పిస్టల్: హోల్‌స్టర్ గుచ్చుకోకుండా చోటు ఎలా ఎంచుకోవాలి?

[తెర మీద: ఖాళీ బల్ల. మధ్యలో పిస్టల్, స్లైడ్ (పై భాగంలో ముందుకూ వెనక్కీ జరిగే లోహపు ముక్క) వెనక్కి లాగి ఉంది. పక్కన ఖాళీ మ్యాగజైన్. తూటాలు ఎక్కడా లేవు.]

నమస్కారం. పిస్టల్‌ను ఒంటి మీద పట్టి ఉంచే ఒరనే హోల్‌స్టర్ అంటారు. ఈ వీడియోలో చూపించేదంతా ఖాళీ పిస్టల్‌తోనే. తూటాలు నింపే పెట్టె, అంటే మ్యాగజైన్, తీసేశాను. పేలే ముందు తూటా కూర్చునే చోటు, అంటే ఛాంబర్‌ను, కంటితో చూశాను, వేలితో తడిమి చూశాను. మీరు ఇంట్లో చేసి చూసేటప్పుడు కూడా ఇదే వరుస పాటించండి, తూటాలను వేరే గదిలో ఉంచండి. మీకు లైసెన్సు ఉంది, దాచి తీసుకెళ్లే అనుమతీ ఉంది అన్న నమ్మకంతోనే మాట్లాడుతున్నాను. ఎక్కడికి తీసుకెళ్లవచ్చు, ఎక్కడికి కూడదు అన్నది మీ ప్రాంతపు చట్టాన్ని చదివి తెలుసుకోండి.

అనుమతి వచ్చిన కొత్తలో చాలామంది పిస్టల్‌ను రోజూ పెట్టుకుంటారు. కొన్నాళ్లకు అది సొరుగులోకో, కారు అరలోకో చేరుతుంది. ఎందుకని అడిగితే ఒకటే మాట: గుచ్చుకుంటోంది. కారులో వదిలిన తుపాకీ దొంగ చేతికి చిక్కవచ్చు. సొరుగులోది పిల్లల చేతికి చిక్కవచ్చు. ఇక గుచ్చుకుంటున్నా ఓర్చుకుని పెట్టుకునేవారి చేయి నలుగురిలో ఉన్నప్పుడు మాటిమాటికీ నడుము మీదికి వెళ్తుంది, సర్దుతుంది, పైకి లాగుతుంది. చూసేవారికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు. అందుకే నేను సౌకర్యాన్ని భద్రతలో భాగంగానే చూస్తాను.

అయితే సౌకర్యం కోసం వదులుకోకూడనిది ఒకటి ఉంది. ముందు దాన్ని చూద్దాం.

[దగ్గరి షాట్: హోల్‌స్టర్‌లో పిస్టల్. ట్రిగ్గర్ ఉన్న చోట బయటినుంచి బొటనవేలు నొక్కుతోంది.]

పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉంది. ట్రిగ్గర్ ఉన్న చోట బయటినుంచి బొటనవేలితో గట్టిగా నొక్కుతున్నాను. హోల్‌స్టర్ గోడ లొంగడం లేదు. ఇప్పుడు ఈ పలుచని నైలాన్ హోల్‌స్టర్‌ను చూడండి. అదే చోట నొక్కితే లోపల ట్రిగ్గర్ అంచు వేలికి తెలుస్తోంది. అంటే కుర్చీ చేయి ఒత్తినా, జేబులోని తాళంచెవి ఒత్తినా ఆ ఒత్తిడి ట్రిగ్గర్ దాకా పోగలదు. ఏ పిస్టల్‌కైనా సరిపోతుందని చెప్పి అమ్మే మెత్తటి హోల్‌స్టర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. అవి ఒంటికి హాయిగానే ఉంటాయి. అయినా కొనకండి.

హోల్‌స్టర్ మీ పిస్టల్ నమూనాకే తయారై ఉండాలి. పిస్టల్ కింద లైటు బిగించుకుంటే ఆ లైటుతో కలిపి కొలిచిన హోల్‌స్టర్ కావాలి. ఖాళీ పిస్టల్‌ను అందులో పెట్టి, మంచం మీదుగా తలకిందులుగా పట్టుకుని బాగా ఊపండి. జారిపోతే పట్టు చాలదు. తర్వాత పిస్టల్‌ను తీసేసి హోల్‌స్టర్ మూతి చూడండి. బెల్టు బిగించి ఉన్నా ఆ మూతి తెరుచుకునే ఉండాలి. మూసుకుపోతే పిస్టల్‌ను తిరిగి పెట్టడానికి రెండో చేతితో మూతి తెరవాలి. అప్పుడు ఆ చేతి వేళ్లు తూటా బయటికి వచ్చే గొట్టం ముందుకు వస్తాయి.

[తెర మీద: కైడెక్స్ హోల్‌స్టర్, తోలు హోల్‌స్టర్, రెండూ కలిసిన రకం పక్కపక్కన.]

ఈ నల్లటి గట్టి ప్లాస్టిక్ పేరు కైడెక్స్. 1965లో విమానాల లోపలి భాగాల కోసం తయారైంది. వేడి చేస్తే మెత్తబడి, అచ్చుకు అతుక్కుని, చల్లారాక అదే ఆకారంలో గట్టిపడుతుంది. చెమట పీల్చదు, మూతి ముడుచుకోదు. దీని లోపం అంచులు. కోసిన అంచు పదునుగా ఉంటే పొట్టనో తుంటినో ఒరిసి ఎర్రగా చేస్తుంది. పిస్టల్ పక్కన పెట్టి, సన్నటి గరుకు కాగితంతో ఆ అంచును గుండ్రంగా అరగదీస్తే ఆ బాధ చాలావరకు పోతుంది.

తోలు ఒంటికి అలవాటు పడుతుంది, చప్పుడు చేయదు. కానీ చెమటకు ఏళ్ల తరబడి నానిన తోలు మెత్తబడుతుంది. మూతి దగ్గర ముడత పడి, ఆ ముడత లోపలికి వంగుతుంది. పిస్టల్‌ను తిరిగి తోస్తున్నప్పుడు ఆ ముడత ట్రిగ్గర్ గార్డ్‌లోకి, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయంలోకి, దూరితే వేలు చేసే పని అదే చేస్తుంది. ఇలా తూటాలు పేలిన సంఘటనలు ఉన్నాయి. తోలే ఇష్టమైతే మూతి దగ్గర లోహపు పట్టీ కుట్టినది తీసుకోండి. ముడత కనిపించిన రోజే దాన్ని పక్కన పడేయండి, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే. వెనుక వెడల్పాటి తోలు, ముందు కైడెక్స్ ఉన్న రకం బరువును బాగా పంచుతుంది. ఉక్కపోత మాత్రం ఎక్కువ.

[తెర మీద: మామూలు బెల్టు, పిస్టల్ బెల్టు. రెండింటినీ నిలువునా మెలిపెట్టి చూపడం.]

ఇప్పుడు బెల్టు. గుచ్చుకుంటోందని మూడు హోల్‌స్టర్లు మార్చి, బెల్టును మాత్రం మార్చనివారు ఎందరో.

ఒక లెక్క చెబుతాను. గ్లాక్ 19 పిస్టల్ ఖాళీ మ్యాగజైన్‌తో దాదాపు 670 గ్రాములు. 15 తూటాలు నింపితే దాదాపు 855 గ్రాములు. ఈ బరువంతా నడుము మీద ఒకే చోట వేలాడుతుంది. మామూలు బెల్టు ఆ చోట మెలిపడి కిందికి జారుతుంది, పిడి బయటికి ఒరుగుతుంది. మీరేమో బెల్టును ఇంకో రంధ్రం బిగిస్తారు. ఇప్పుడు పిస్టల్ కదలదు, కానీ నడుము నొక్కుకుపోతుంది. తొడ బయటి వైపు చర్మానికి స్పర్శ ఇచ్చే నరం నడుము దగ్గరి నుంచే కిందికి దిగుతుంది. బిగుతైన బెల్టు దాన్ని ఒత్తితే తొడ తిమ్మిరెక్కుతుంది, మండుతుంది. వైద్యులు దీన్ని మెరాల్జియా పారెస్థెటికా అంటారు. బరువైన పనిముట్ల బెల్టు కట్టుకునేవారిలోనూ ఇది కనిపిస్తుంది. తొడ బయటి వైపు తిమ్మిరి మొదలైతే సర్దుకుంటుందిలే అనుకోవద్దు. బెల్టు వదులు చేయండి, పిస్టల్ చోటు మార్చండి, తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.

ఒకటిన్నర అంగుళం వెడల్పు ఉండి, లోపల గట్టి పొర ఉన్న బెల్టు మెలిపడదు, కాబట్టి అంత బిగించే అవసరమే రాదు. రంధ్రాలకు బదులు పావు అంగుళం చొప్పున జరిగే పళ్ల బకిల్ ఉన్నది ఇంకా మేలు. భోజనం ముందు, భోజనం తర్వాత నడుము కొలత ఒకటి కాదు కదా. ప్యాంటు కూడా నడుము దగ్గర అంగుళం, రెండంగుళాలు ఎక్కువ ఉన్నది కావాలి. లోపల పెట్టుకునే హోల్‌స్టర్‌కు చోటు అక్కడినుంచే రావాలి.

[తెర మీద: పైనుంచి చూసినట్లు నడుము బొమ్మ, చుట్టూ గడియారం అంకెలు.]

చోటు గురించి మాట్లాడేటప్పుడు నడుమును గడియారంగా అనుకుంటారు. బొడ్డు 12. కుడి తుంటి 3. వెన్నెముక 6. ఎడమ తుంటి 9. నేను కుడిచేతి వాటం వారికి చెబుతున్నాను; ఎడమచేతి వాటమైతే అద్దంలో చూసినట్లు తిప్పుకోండి.

సరిగ్గా 3 దగ్గర తుంటి ఎముక పైకి పొడుచుకుని ఉంటుంది. అక్కడ పెట్టుకుంటే పిస్టల్‌కూ ఎముకకూ మధ్య చర్మం నలుగుతుంది. కాస్త వెనక్కి, 4 దగ్గరికి జరిపితే ఎముక వెనుక సహజంగా ఉన్న పల్లంలో ఒదుగుతుంది. నిలబడితే, నడిస్తే హాయిగా ఉంటుంది. పొట్ట కాస్త ముందుకు ఉన్నవారికి కూడా ఇదే నప్పుతుంది. ఇబ్బంది వంగినప్పుడు వస్తుంది. కింద పడిన వస్తువు తీయడానికి ముందుకు వంగితే పిడి వెనుక చొక్కాను ఎత్తి చూపిస్తుంది, ఆ సంగతి మీ కళ్లకు కనిపించదు. కారులో కూర్చుంటే సీటుకూ ఒంటికీ మధ్య ఇరుక్కుంటుంది. హోల్‌స్టర్‌ను కొద్దిగా ముందుకు వాల్చి బిగిస్తే పిడి వెన్ను వంపులో కలిసిపోతుంది. ఆ వాలు సర్దుకునే వీలున్నదే కొనండి.

ముందు భాగం, అంటే 12కూ 2కూ మధ్య, ఇప్పుడు ఎక్కువమంది ఎంచుకుంటున్న చోటు. చేతులు రెండూ ముందే ఉంటాయి, పిస్టల్ మీ కళ్ల ముందే ఉంటుంది. నడుము చిన్నగా, తుంటి వెడల్పుగా ఉన్న స్త్రీలలో తుంటి మీది హోల్‌స్టర్ పిడి పక్కటెముకల్లోకి ఒరుగుతుంది కాబట్టి చాలామందికి ముందు భాగమే నయం. కానీ ఇక్కడ గొట్టం మూతి తొడ వైపో, గజ్జల వైపో చూస్తుంది. పొరపాటు జరిగితే మూల్యం చాలా పెద్దది. పిస్టల్‌ను తిరిగి పెట్టే అలవాటు స్థిరపడే వరకు ఈ చోటు వద్దనే నేను చెబుతాను.

[దగ్గరి షాట్: హోల్‌స్టర్ ముందు అంచున ఉన్న చిన్న రెక్క. తర్వాత లోపలి వైపు, కింద అతికించిన మెత్తటి దిమ్మె.]

ఇక్కడ ఒక విషయాన్ని దగ్గరగా చూడాలి. గొట్టం ప్యాంటు లోపల ఉంటుంది, దాన్ని దాచడం కష్టం కాదు. బయటపడేది పిడి. ఈ చిన్న రెక్కను చూడండి. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర బయటికి పొడుచుకుని ఉంది. బెల్టు బిగించగానే ఈ రెక్కను లోపలికి ఒత్తుతుంది, దాంతో పిడి మలుపు తిరిగి పొట్టకు అతుక్కుంటుంది. ఈ మెత్తటి దిమ్మె చేసేది ఇంకో పని. హోల్‌స్టర్ కింది భాగాన్ని ఒంటి నుంచి దూరంగా నెడుతుంది. బెల్టు మధ్యలో పట్టుకుని ఉంటుంది కాబట్టి పై భాగం లోపలికి ఒరుగుతుంది. గడ్డపార కింద రాయి పెట్టి బండను లేపడంలో ఉన్న సూత్రమే. అందుకే మరీ పొట్టి హోల్‌స్టర్ ముందు భాగంలో నిలవదు. బెల్టు కింద ఆనుకోవడానికి పొడవు లేక పిడి బరువుకు బయటికి తలవాలుస్తుంది. చిన్న పిస్టల్‌కు కూడా కాస్త పొడవైన హోల్‌స్టర్ హాయిగా ఉండటానికి కారణం ఇదే. మరీ పొడవైతే మాత్రం కూర్చోగానే తొడ మడతలో గుచ్చుకుంటుంది. సరైన పొడవు ఎంతో మీ శరీరమే చెబుతుంది, కొలబద్ద చెప్పదు.

వెన్నెముక మీద, అంటే 6 దగ్గర, పెట్టుకోవద్దు. వెనక్కి పడితే గట్టి లోహపు ముక్క మీద వెన్నెముకే పడుతుంది. కూర్చుంటే అందదు కూడా.

చీలమండ మీది హోల్‌స్టర్ కూర్చుని ఉన్నవారికే అందుతుంది. భుజం కింద వేలాడేది తీసేటప్పుడు గొట్టం పక్కవారి మీదుగా తిరిగే ప్రమాదం ఉంది. జేబులో పెట్టుకుంటే జేబు హోల్‌స్టర్ తప్పనిసరి, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. చేతిసంచి గురించి గట్టిగానే చెబుతాను: సంచిని కుర్చీకి తగిలిస్తాం, కింద పెడతాం, మరిచిపోతాం, పిల్లలు తెరుస్తారు. ఒంటి మీద ఉన్నదే మీ అదుపులో ఉన్నట్లు.

[తెర మీద: కుర్చీ, కారు సీటు, మెట్లు. ఒక్కొక్క చోట కూర్చోవడం, వంగడం, లేవడం.]

అద్దం ముందు నిలబడి చూసి కొనేస్తే ఏమీ తెలియదు. ఖాళీ పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టుకుని కొన్ని రోజులు ఇంట్లోనే తిరగండి. భోజనానికి కూర్చోండి. బూట్ల తాడు కట్టుకోండి. ఆగి ఉన్న కారులో సీటు బెల్టు పెట్టుకుని గంటసేపు ఉండండి. ఎక్కడ నొప్పి పుట్టిందో వేలు పెట్టి చూపించగలిగితే దిద్దడం తేలిక. పై అంచు పొట్టలో గుచ్చుకుంటే హోల్‌స్టర్‌ను ఒక స్క్రూ రంధ్రం కిందికి దించండి. కింది కొన గజ్జల్లో గుచ్చుకుంటే పైకి ఎత్తండి. ఒకేసారి రెండు మార్చవద్దు, ఏది పనిచేసిందో తెలియదు. అర అంగుళం పక్కకు జరిపినా తేడా తెలుస్తుంది. చర్మం ఒరుసుకుంటే లోపల పలుచని బనియన్ వేసుకోండి. పైన ముదురు రంగు, గళ్లు లేదా పూలు ఉన్న చొక్కా పిడి గీతను బాగా చెరిపేస్తుంది.

[దగ్గరి షాట్: ఎడమ చేయి చొక్కా అంచును పైకి లాగి ఛాతీకి ఆనించింది. కుడి చేతి చూపుడు వేలు స్లైడ్ పక్కన నిటారుగా ఉంది.]

పిస్టల్‌ను తిరిగి పెట్టేటప్పుడు తొందర ఎందుకు? తీయడానికి తొందర ఉండవచ్చు, పెట్టడానికి ఏనాడూ ఉండదు. చొక్కా అంచు, జాకెట్ తాడు మూతిలోకి దూరలేదని కళ్లతో చూడండి. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. ముందు భాగంలో పెట్టుకునేవారు నడుమును ముందుకు తోసి, భుజాలు వెనక్కి వాల్చితే గొట్టం మూతి తొడ నుంచి పక్కకు తప్పుతుంది. ఏ చిన్న అడ్డు తగిలినా ఆపండి, బయటికి తీయండి, చూడండి. బలంగా తోయవద్దు. నాకు ఇంకా నచ్చే పద్ధతి ఒకటుంది: హోల్‌స్టర్‌ను బెల్టు నుంచి విప్పి, పిస్టల్‌ను సురక్షితమైన వైపుకు చూపిస్తూ అందులో పెట్టి, రెండింటినీ కలిపి నడుముకు తగిలించుకోవడం. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఇలా చేస్తే గొట్టం మీ ఒంటి వైపు చూస్తుండగా ట్రిగ్గర్ బయట ఉండే క్షణమే రాదు.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ మాట్లాడరు కానీ మాట్లాడాలి. పిస్టల్‌ను తీసి కొక్కేనికో, నీళ్ల తొట్టి మీదో పెట్టి మరిచిపోయి వచ్చినవారు ఉన్నారు. హోల్‌స్టర్ నుంచి అసలు తీయవద్దు. ప్యాంటు దించాక బెల్టును మోకాళ్ల దగ్గర మళ్లీ బిగించండి, బరువుకు జారదు. లేదా హోల్‌స్టర్‌తో సహా విప్పి, కిందికి దించిన ప్యాంటు మధ్యలో, మీ రెండు కాళ్ల నడుమ ఉంచండి. దాన్ని తీయకుండా మీరు లేవలేరు.

[తెర మీద: హోల్‌స్టర్ క్లిప్పు స్క్రూలు. చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించడం.]

చివరిగా స్క్రూలు. నడకకు, కదలికకు అవి వదులవుతాయి. పట్టు తగ్గుతుంది, లేదా క్లిప్పే ఊడి, పిస్టల్ తీస్తే హోల్‌స్టర్‌తో సహా చేతిలోకి వస్తుంది. మీకు నప్పిన ఎత్తు, వాలు కుదిరాక ఆ స్క్రూలకు అవి వదులవకుండా పట్టి ఉంచే మర జిగురు ఒక చుక్క వేయండి, వారానికోసారి చేత్తో కదిపి చూడండి. అదే రోజు చెమట తగిలిన పిస్టల్‌ను కూడా ఖాళీ చేసి, తుడిచి, పలుచగా నూనె రాయండి.