బిల్లు చూపించిన ఏజెన్సీ

శ్రోతలకు నమస్కారం.

1869 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు 250 డాలర్లు పెట్టుబడిగా పెట్టుకుని, పదకొండు క్రైస్తవ మత పత్రికలకు ప్రకటనలు తెచ్చిపెట్టే పని మొదలుపెట్టాడు. పేరు ఫ్రాన్సిస్ వేలాండ్ ఎయర్. కాగితం మీద అక్షరాలు చూస్తే మనవాళ్లు అయ్యర్ అనేస్తారు, కానీ ఎయర్ అనాలి. ఇరవై ఒక్కేళ్లవాణ్ణి నమ్మి డబ్బు చేతిలో పెట్టేదెవరు? అందుకని బోర్డు మీద బడిపంతులైన నాన్న పేరు రాయించి, తను పక్కన 'అండ్ సన్' అని నిలబడ్డాడు. ఎన్. డబ్ల్యూ. ఎయర్ అండ్ సన్. చూసినవాళ్లు అదేదో ఎప్పటినుంచో ఉన్న తండ్రీకొడుకుల సంస్థ అనుకోవాలన్నమాట. నన్నడిగితే ఆ ఏజెన్సీ తయారుచేసిన మొదటి ప్రకటన ఆ బోర్డే.

ఆ రోజుల్లో ప్రకటనల వ్యాపారం అంటే దళారీ పని. పత్రికల్లో ఖాళీ జాగాని టోకున చవగ్గా కొనడం, సబ్బులవాడికో విత్తనాలవాడికో చిల్లరగా ఎక్కువకి అమ్మడం. పత్రికకి ఎంతిచ్చాడో ఇటువాడికి చెప్పడు, ఇటు ఎంత తీసుకున్నాడో పత్రికవాళ్లకి చెప్పడు. రైతుకి ఒక రేటు, కొనేవాడికి ఒక రేటు చెప్పి మధ్యలోది జేబులో వేసుకునే దళారులు మనకీ తెలుసు కదా, సరిగ్గా అదే. ఎయర్ కూడా కొన్నేళ్లు అదే చేశాడు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిల్ పాఠాలు చెప్పే మనిషికి ఈ చాటుమాటు బేరం మింగుడుపడలేదంటారు, ఉండొచ్చు. 1876 ప్రాంతంలో డింగీ అండ్ కొనార్డ్ అనే గులాబీ మొక్కల కంపెనీతో కొత్త రకం ఒప్పందం రాసుకున్నాడు. "పత్రికకి నేనెంత కడుతున్నానో లెక్క మీకు చూపిస్తాను, దాని మీద నా కమిషన్ ఇంత" అన్నది దాని సారాంశం. ఆ కమిషన్ మొదట పన్నెండున్నర శాతం, తర్వాత పదిహేను అయింది. ఆ పదిహేను శాతమే తర్వాత ఈ వ్యాపారం అంతటికీ లెక్క అయిపోయి దాదాపు వందేళ్లు నడిచింది. ఎయర్ గురించి చెప్పేవాళ్లు ముందు నినాదాలే ఎత్తుకుంటారు గానీ, నాకు మాత్రం ఈ బిల్లే పెద్ద సంగతి అనిపిస్తుంది. దళారి పత్రికల వైపు మనిషి కాకుండా ప్రకటన ఇచ్చేవాడి వైపు మనిషి అయ్యాడు కదా.

ఇక నినాదాలు. ఒక కామెల్ కోసం మైలు దూరమైనా నడుస్తాను అన్న సిగరెట్టు మాట వీళ్లదే. పెద్దాయన, అంటే ఆ ఫ్రాన్సిస్ ఎయరే, సారా ప్రకటనలు ముట్టనన్నాడు, సిగరెట్లకు మాత్రం పేచీ పెట్టలేదు, ఆ కాలం లెక్కలు అలా ఉండేవి! రేడియోలోకీ తొందరగానే వచ్చారు. 1923లో న్యూయార్క్‌లోని డబ్ల్యూఈఏఎఫ్ స్టేషన్ నుంచి వచ్చిన 'ఎవరెడీ అవర్' వెనక ఉన్నది ఈ ఏజెన్సీయే. రేడియోలు బ్యాటరీల మీద నడిచే రోజులు కాబట్టి బ్యాటరీ కంపెనీ సొంత ఖర్చుతో పాటలూ నాటకాలూ వేయించింది. జనం వింటూ కూర్చుంటే బ్యాటరీ అయిపోతుంది, అయిపోతే మళ్లీ కొంటారు. నేను కూర్చున్న ఈ మైకు ముందు నుంచి ఆ తెలివికి ఒక దండం.

ఆ ఏడే పెద్దాయన పోయారు. ఫిలడెల్ఫియాలోని వాషింగ్టన్ స్క్వేర్‌లో సంస్థ కట్టుకున్న పదమూడంతస్తుల మేడ 1929లో పూర్తయింది, అదే ఏడు షేర్ మార్కెట్టూ కూలింది.

1938లో దక్షిణాఫ్రికా వజ్రాల కంపెనీ డి బీర్స్ తరఫున హ్యారీ ఓపెన్‌హైమర్ న్యూయార్క్ వచ్చి వీళ్లను కలిశాడు. వజ్రాల గిరాకీ పడిపోయి ఉంది. (వజ్రాలంటే ఒకప్పుడు లోకమంతా మన కృష్ణ ఒడ్డున కొల్లూరు వైపు చూసేది, 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో దొరికేదాకా మనదే రాజ్యం. తొలకరి పడితే ఇవాళ్టికీ కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తల వంచుకుని వెతుకుతారు.) డి బీర్స్‌కి చిక్కేమిటంటే, గుత్తాధిపత్యానికి అడ్డుపడే చట్టాల వల్ల అమెరికాలో నేరుగా వ్యాపారం చేయలేదు. అంటే ప్రకటనలో ఫలానా కొట్టుకి రండి, ఫలానా మార్కు కొనండి అనడానికి లేదు. మరేం అమ్మాలి? నిశ్చితార్థం ఉంగరం అంటే వజ్రపు ఉంగరమే అన్న నమ్మకాన్ని అమ్మారు. సినిమా తారల వేళ్లకు ఉంగరాలు, వాటి మీద పత్రికల్లో కబుర్లు, ఆఖరికి హైస్కూళ్లకు వెళ్లి ఆడపిల్లలకు ఉపన్యాసాలు.

1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఉద్యోగిని, ఒక రాత్రి ప్రకటనలన్నీ రాసి అలిసిపోయాక, కింద వేయాల్సిన ముక్క మిగిలిపోయిందని గుర్తొచ్చి నిద్రపోయే ముందు కాగితం మీద గీకింది: వజ్రం శాశ్వతం. పొద్దున ఆఫీసులో చూపిస్తే ఎవరూ ఎగిరి గంతేయలేదు, పైగా ఇంగ్లీషులో ఆ మాటకి వ్యాకరణం కుదరలేదన్నారు. 1999లో అమెరికా ప్రకటనల పత్రిక ఒకటి దాన్నే శతాబ్దపు నినాదం అంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. 1939లో అమెరికాలో డి బీర్స్ వజ్రాల టోకు అమ్మకాలు 2.3 కోట్ల డాలర్లు, 1979కి 210 కోట్ల డాలర్లు.

మరి ఇంత గొప్ప సంస్థ ఎందుకు పోయింది? ఒక్క దెబ్బతో పోలేదు. నాలుగైదు పెద్ద ఖాతాల మీద, అంటే నాలుగైదు చోట్ల ప్రకటనల పని మీదే, బతకడం అలవాటైంది. ఏటీ అండ్ టీ ఫోన్ల కంపెనీ 1908 నుంచీ వీళ్ల దగ్గరే, అమెరికా సైన్యం ఖాతా కూడా వీళ్లదే. ఈలోగా ఖాతాదారులకు పదిహేను శాతం ఎక్కువనిపించసాగింది, చేసిన పనికి ఇంత అని రుసుము కడతాం అన్నారు. పక్కన ఏజెన్సీలు ఒకదాన్నొకటి మింగి కొండల్లా పెరిగాయి. ఫిలడెల్ఫియా వదిలి న్యూయార్క్ చేరినా గాలి మారలేదు. 1986లో సైన్యం పని మీద అవకతవకల ఆరోపణలొచ్చి ఆ ఖాతా చేజారింది. లెక్క తెరిచి చూపిస్తానని మొదలైన సంస్థకి అదేం మచ్చ, చెప్పండి. 1993లో కొరియా పెట్టుబడిదారు ఒకాయన డబ్బు పెట్టి నిలబెట్టబోయారు. 1995లో డి బీర్స్ వెళ్లిపోయింది, 1996లో ఏటీ అండ్ టీ కూడా, దాదాపు తొంభై ఏళ్ల పొత్తు తర్వాత. అక్కణ్ణుంచి ఇంకొకరి చేతిలోకి, ఆ ఇంకొకరు మరొకరి చేతిలోకి. 2002లో మిగిలిన ఖాతాలు కాప్లాన్ థేలర్ అనే చిన్న ఏజెన్సీకి అప్పగించి తలుపులు మూశారు. అప్పటికి 133 ఏళ్లు. వజ్రం శాశ్వతం, ఏజెన్సీ కాదు అని అప్పుడే అందరూ వేళాకోళం చేసేశారు, మళ్లీ నేనెందుకు.

వీళ్లు సైన్యానికి రాసిచ్చిన "నువ్వు ఎంతవాడివి కాగలవో అంతవాడివి అవు" అన్న నినాదాన్ని సైన్యం 2001లో వదిలేసింది, 2023లో మళ్లీ తెచ్చుకుంది. వాషింగ్టన్ స్క్వేర్ మేడలో ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లున్నాయి, పేరు మాత్రం 'ది ఎయర్' అనే ఉంచారు. ఇక ఆ మొదటి ఒప్పందం గులాబీల సంగతి. ఆ కంపెనీ భాగస్వాముల్లో ఆల్‌ఫ్రెడ్ కొనార్డ్ అనే ఆయన విడిపోయి 1897లో ఇంకో కంపెనీ పెట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు 'పీస్' అనే గులాబీని అమెరికాకు పరిచయం చేసింది ఆ కంపెనీయే. చేతులు మారింది, పేరూ మారింది, కానీ ఇప్పటికీ పెన్సిల్వేనియాలో గులాబీలు అమ్ముతూనే ఉంది.

సెలవు.