తోడు నిలిచే వాలంటీర్‌కి ఏం నేర్పాలి? స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. అప్పులు, తాగుడు, ఒంటరితనంతో ప్రాణం మీద ఆశ వదులుకుంటున్న పెద్దవాళ్ళకు ఊళ్ళోని మామూలు మనుషులు తోడు నిలవగలరా? ఒక మానసిక వైద్యులు, వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే మేడమ్, పల్లెల్లో ఈ పని చేస్తున్న రిటైర్డ్ మాస్టారు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, ఇది మీరు చేయాల్సిన పని కాదా?

వైద్యుడు: అంతమంది సైకియాట్రిస్టులు ఎక్కడున్నారండీ? జింబాబ్వేలోనూ ఇదే కొరత. 2006లో హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, బాధలో ఉన్నవాళ్ళతో మాట్లాడడానికి క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. తర్వాత 573 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. బెంచీ దగ్గర మాట్లాడినవాళ్ళకు డిప్రెషన్ లక్షణాలు మిగతావాళ్ళకంటే బాగా తగ్గాయి. చెన్నైలో ఆత్మహత్యల నివారణకు పనిచేసే స్నేహ సంస్థ కూడా 1986 నుంచి వాలంటీర్ల మీదే నడుస్తోంది.

యాంకర్: మేడమ్, శిక్షణలో ఏది కష్టం?

శిక్షకురాలు: సలహా ఇవ్వకుండా ఆగడం. అందరూ మంచి మనసుతోనే వస్తారు. కానీ ఎదుటి మనిషి రెండు మాటలు చెప్పగానే "పిల్లల మొహం చూసి ధైర్యం తెచ్చుకో" అనేస్తారు. అంతే, అతను ఇంక నోరు విప్పడు. అందుకే ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి వినడమే ప్రాక్టీస్ చేయిస్తాం. ఆ తర్వాత, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం నేర్పిస్తాం.

యాంకర్: లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

వైద్యుడు: కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అడగమనే చెబుతుంది. ఇక ఎవరైనా ఆత్మహత్యకు ప్రయత్నిస్తే, పోలీసు కేసు భయంతో ఇంట్లోవాళ్ళు దాచిపెడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. వాలంటీర్లందరికీ ఇది తెలిసి తీరాలి.

మాస్టారు: ఊళ్ళో ఇంకో భయం ఉందండీ. ఇవాళ చెప్పుకున్నది రేపు రచ్చబండ దగ్గర వినపడుతుందేమోనని. ఇక పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది. అప్పులవాళ్ళు ఇంటి మీదికొచ్చిన రోజు నేను కౌలు రైతుతో "డబ్బా నా దగ్గర పెట్టు, పిచికారీ రోజు తీసుకుపో" అంటాను.

శిక్షకురాలు: అది ప్రాణం నిలబెట్టే పని మాస్టారూ. తమిళనాడులో కడలూరు జిల్లా పల్లెల్లో మందు డబ్బాలన్నీ ఒకేచోట లాకర్లలో పెట్టించి చూశారు.

యాంకర్: డబ్బు సాయం అడిగితే?

శిక్షకురాలు: ఇవ్వకూడదు. ఇచ్చిన రోజు నుంచి మీరూ అతనికి అప్పిచ్చినవాళ్ళలో ఒకరైపోతారు. బ్యాంకుకో, ఆఫీసుకో వెంట వెళ్ళండి.

మాస్టారు: నేనొప్పుకోను మేడమ్. బస్సు ఛార్జీ లేని మనిషిని ఆస్పత్రికి ఎలా పొమ్మంటాం?

శిక్షకురాలు: అది సంస్థ భరించాలి, మీ జేబు కాదు. ఆ ఖర్చుకు డబ్బు పెట్టలేని సంస్థ వాలంటీర్లను ఊళ్ళలోకి పంపకూడదు.

యాంకర్: పరిస్థితి చేయి దాటుతుంటే?

వైద్యుడు: ఒంటరిగా వదలొద్దు. "ఎవరికీ చెప్పను" అన్న మాట ప్రాణాపాయంలో చెల్లదని మొదటి రోజే చెప్పి ఉంచాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. పక్కనే కూర్చుని మీరే కలపండి.

మాస్టారు: అలాంటి రాత్రి తర్వాత నాకే నిద్ర పట్టదు. మా టెన్షన్ ఎవరితో చెప్పుకోవాలి?

శిక్షకురాలు: మాతోనే. వారానికోసారి వాలంటీర్లు కూర్చుని మాట్లాడుకునే మీటింగ్ తప్పనిసరి. ఒకరికి ఎక్కువమందిని అప్పగించకూడదు. అలసిపోయామంటే కొన్నాళ్ళు సెలవిచ్చి, ఆ ఇళ్ళను ఇంకొకరికి దగ్గరుండి పరిచయం చేయాలి.