కొలంబియా స్తంభాలు: కాలిపోయిన కళాశాల భవనం కథ

[దృశ్యం: పచ్చిక మైదానం నడుమ ఆరు రాతి స్తంభాలు]

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, కొలంబియా పట్టణపు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గోడలూ పైకప్పూ లేకుండా నిలిచిన ఈ ఆరు స్తంభాలను అలంకారానికి కట్టలేదు. ఒకప్పుడు ఇవి అకడమిక్ హాల్ అనే భవనానికి ముఖద్వారంగా ఉండేవి.

1839లో విశ్వవిద్యాలయాన్ని ఎక్కడ పెట్టాలనే ప్రశ్న వచ్చినప్పుడు కౌంటీలు (జిల్లాల వంటివి) విరాళాలతో పోటీపడ్డాయి. కొలంబియా ఉన్న బూన్ కౌంటీ ప్రజలు డబ్బు, భూమి కలిపి లక్షా 17 వేల డాలర్లకు పైగా ఇస్తామని ముందుకు వచ్చి ఆ పోటీలో గెలిచారు. అప్పటి పల్లెసీమకు అది మామూలు మొత్తం కాదు. 1840 జులై 4న శంకుస్థాపన జరిగిన భవనం 1843లో పూర్తయింది.

[దృశ్యం: అకడమిక్ హాల్ పాత ఛాయాచిత్రం]

1892 జనవరి 9, శనివారం సాయంత్రం ఆ భవనంలో మంటలు చెలరేగాయి. విద్యుత్ తీగల లోపమే కారణమని చెబుతారు. గ్రంథాలయం దాదాపు పూర్తిగా బూడిదైపోయింది. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మొదటి సమాధి చిహ్నాన్ని ఆయన వారసులు 1883లో ఈ విశ్వవిద్యాలయానికి ఇవ్వగా, భవనంలో భద్రపరిచిన దాని పాలరాతి ఫలకం కూడా ఈ మంటల్లో దెబ్బతిన్నది.

[దృశ్యం: శిథిలాలు, వాటి ముందు స్తంభాలు]

పట్టణానికి అసలు ముప్పు ఆ తర్వాతే ఎదురైంది. భవనం పోయింది కాబట్టి విశ్వవిద్యాలయాన్నే అదే రాష్ట్రంలోని సెడేలియా పట్టణానికి తరలించాలన్న వాదన బలంగా వినిపించింది. కొలంబియా వాసులు మళ్లీ చందాలు పోగుచేశారు, గవర్నర్ డేవిడ్ ఫ్రాన్సిస్ వారి పక్షాన నిలిచారు, చివరికి విశ్వవిద్యాలయం అక్కడే ఉండిపోయింది. ఈ మైదానానికి ఆయన పేరే పెట్టారు. నా దృష్టిలో ఈ కథలో అగ్నిప్రమాదం కన్నా గొప్ప ఘట్టం ఇదే, ఎందుకంటే అంతకు సుమారు యాభై ఏళ్ల ముందు పెద్దలు ఇచ్చిన మాటను తర్వాతి తరం తన సొంత డబ్బుతో నిలబెట్టుకుంది.

ఇక స్తంభాల విషయానికి వస్తే, దగ్గర నుంచి చూసినప్పుడు ఒకదానిపై ఒకటి పేర్చిన సున్నపురాతి దిమ్మెలు, వాటి మధ్య అతుకులు, పైన చుట్టలు తిరిగిన అయోనిక్ (ఒక ప్రాచీన గ్రీకు శైలి) శిరస్సులు కనిపిస్తాయి. ఇవి కూలిపోతాయనే భయంతో తొలగించాలని కొందరు పట్టుబట్టినా, వాటిని ఉంచాలన్న ప్రజల కోరికే నెగ్గింది. 1895లో పూర్తయి, అప్పటి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రిచర్డ్ హెన్రీ జెస్సీ పేరు పొందిన కొత్త భవనాన్ని పాత స్థలంలో కాకుండా దక్షిణాన కట్టడం వల్ల, ఈ స్తంభాల చుట్టూ ఖాళీ స్థలం అలాగే మిగిలింది.