మందుల షాపు అసిస్టెంట్: చీటీ అందుకున్నాక ఏం చేయాలి?

[దృశ్యం: తిరుపతి, రుయా ఆసుపత్రి పక్క వీధి. మందుల షాపు కౌంటర్ ముందు జనం.]

వ్యాఖ్యానం: డాక్టర్ రాసిన చీటీకి మందు ఇచ్చే అధికారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదే. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ అదే చెబుతుంది. అసిస్టెంట్ చీటీ చదివి మందు తీసి పెడతారు, ఫార్మసిస్టు సరిచూశాకే అది చేయి దాటాలి. షాపు ఎంత రద్దీగా ఉన్నా ఈ వరస తప్పకూడదు.

[దగ్గరగా: మూడు పారాసెటమాల్ సీసాలు.]

మందు పేరు కలిస్తే సరిపోదు. మోతాదు కలవాలి, మాత్రా సిరప్పా చుక్కలా అన్నదీ కలవాలి. పిల్లల పారాసెటమాల్‌నే చూడండి. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో ఒక రకానికి 5 మి.లీ.లో 120, ఇంకో రకానికి 250. పది కిలోల బిడ్డకు డాక్టర్ 150 మి.గ్రా. రాశారనుకోండి. 250 సిరప్ అయితే 3 మి.లీ., చుక్కలైతే ఒకటిన్నర. సిరప్‌కు బదులు చుక్కల సీసా వెళ్లి, తల్లి అదే 3 మి.లీ. పోసిందంటే బిడ్డకు రెట్టింపు మందు పడుతుంది. రోజుకు నాలుగుసార్లు అలాగే పోస్తే లివర్‌కే ముప్పు. అందుకే కొలత కప్పు మీద గీతను వేలుపెట్టి చూపించాలి: "అమ్మా, ఇక్కడిదాకే. ఇంట్లో స్పూనుతో పోయొద్దు."

[దృశ్యం: భుజాన సంచితో ఒక యాత్రికుడు.]

కొండకొచ్చేవాళ్లలో బీపీ మాత్రలు ఇంట్లో మరిచిపోయేవాళ్లు చాలామంది. "చిన్న తెల్ల మాత్ర అన్నా, పొద్దున్నే వేసుకుంటా" అంటారు. తెల్ల మాత్రలు ఎన్ని లేవు! అంచనాతో ఎప్పుడూ తీయొద్దు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర పొరపాటున వెళ్తే, ఖాళీ కడుపుతో అలిపిరి మెట్లెక్కే మనిషికి షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. "సామీ, ఇంటికి ఫోన్ చేసి చీటీ, స్ట్రిప్ ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించండి" అనాలి. అవి రాకపోతే డాక్టర్ దగ్గరికి పంపాలి. బేరం పోతుందని వెనకాడొద్దు.

[దగ్గరగా: ఫ్రిజ్ లోపలి థర్మామీటర్.]

ఇన్సులిన్ నిల్వకు 2 నుంచి 8 డిగ్రీలు. ఫ్రీజర్ గోడకు ఆనించి పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టింది కరిగాక మామూలుగానే కనిపించినా పనికిరాదు, పక్కన పెట్టేయాలి. పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత రాసిపెట్టాలి. మే ఎండల్లో దూరం వెళ్లేవాళ్లకు ఐస్ ప్యాక్‌తో కట్టి ఇవ్వాలి, ఐస్‌కూ ఇన్సులిన్‌కూ మధ్య మందపాటి కాగితం ఉండాలి.

యాంటీబయాటిక్ సెఫిక్సిమ్, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలమ్ లాంటివి హెచ్1 మందులు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ప్రత్యేక జాబితాలో పెట్టినవి. వీటికి వేరే రిజిస్టరు ఉంటుంది. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రాయాలి. దాన్ని మూడేళ్లు భద్రపరచాలి.

[దగ్గరగా: స్ట్రిప్, కత్తెర.]

స్ట్రిప్ కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఏ చివర ఉన్నాయో ముందు చూసుకోండి. కత్తెర రెండో చివర నుంచి పెట్టాలి. లేదంటే షాపులో మిగిలిన ముక్క మీద తేదీ ఉండదు, దాన్ని మరొకరికి అమ్మకూడదు. కొన్నవాళ్ల ముక్క మీద తేదీ లేకపోతే కవరు మీద పెన్నుతో రాసివ్వండి.