పద్దెనిమిదేళ్లు దాటాక

అందరికీ నమస్కారం.

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ లాంటి మాటలు ఇక్కడున్న తల్లిదండ్రులకు కొట్టిన పిండి. ఆటిజం ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి ఏం కావాలని అడిగితే మాత్రం అందరం తడుముకుంటాం. పిల్లల డాక్టరు ఇక పెద్దల డాక్టరు దగ్గరికి వెళ్లమంటారు. అక్కడ ఆటిజం గురించి తెలిసినవాళ్లు తక్కువ.

స్వీడన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన లెక్క చూడండి. చనిపోయినవాళ్ల సగటు వయసు ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు 54, మిగతావాళ్లలో 70. మేధోవైకల్యం కూడా ఉన్నవాళ్లకు ఫిట్స్, లేనివాళ్లకు ఆత్మహత్య పెద్ద ముప్పుగా తేలాయి. కాలిఫోర్నియాలో 2015 నాటి అధ్యయనంలో డిప్రెషన్, నిద్రలేమితో పాటు షుగర్, బీపీ కూడా ఆటిజం ఉన్నవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి.

ఆటిజం వల్ల నేరుగా షుగర్ రాదు కదా! చిరాకు, కోపం తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులతో ఒళ్లు వస్తుంది. తినేవి నాలుగైదు రకాలే. బయట తిరగడం ఉండదు. ఇవి మనం గమనించగలిగినవే, కానీ ఏమొచ్చినా 'ఆటిజమే కదా' అని వదిలేస్తాం. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే కుర్రాడు ఉన్నట్టుండి తల బాదుకుంటుంటే మందు డోసు పెంచే ముందు పళ్లు, చెవులు చూడండి, మలబద్ధకం ఉందేమో కనుక్కోండి. నొప్పి ఎక్కడో చెప్పలేని మనిషి ఇంకెలా చెబుతాడు?

మాటలు బాగా వచ్చినవాళ్ల కష్టం వేరు. నలుగురిలో మామూలుగా కనిపించాలని రోజంతా నటించి, ఇంటికొచ్చేసరికి డీలా పడిపోతారు. జీవితం ఎలా ఉందని ఇలాంటివాళ్లనే అడిగిన బ్రిటన్ అధ్యయనంలో ఉద్యోగం, తోడు, అందే సాయం ఉన్నవాళ్లు మెరుగ్గా ఉన్నామన్నారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో ఒక్క శాతాన్ని ఆటిజంతో పాటు మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివి ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. ఇక ప్రైవేటులో కళ్లలోకి చూసి మాట్లాడలేదని ఇంటర్వ్యూలోనే పక్కన పెట్టేస్తారు. కోడ్ రాసే పనికి కళ్లతో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు!

గార్డియన్‌షిప్, అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధమైన బాధ్యత సంగతి చెప్పి ముగిస్తాను. పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో మీ బిడ్డ మేజర్. సొంతంగా నిర్ణయాలు తీసుకోగలిగితే గార్డియన్ జోలికే వెళ్లొద్దు. అవసరమనుకుంటే, ఆటిజం, మేధోవైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టాలి. లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమా కూడా ఆ ట్రస్టుదే. ఫారాలు బయట బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకోండి.